ముందు నీటి దారి, ఆ తర్వాతే రోడ్డు: పాఠకుల ప్రశ్నలు, ఇంజనీర్ల జవాబులు

గోదావరి డెల్టా పట్టణాల్లో, పెద్ద పంచాయతీల్లో రోడ్ల అభివృద్ధికి డిజైన్ కన్సల్టెంటును నియమించుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగినవాటిని కలిపాం, ఊళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మూడు రోడ్ల డిజైన్ కోసం కన్సల్టెంటును పెట్టుకోవాలని మా కౌన్సిల్ అజెండాలో పెట్టారు. మున్సిపాలిటీ ఇంజనీర్లు ఏఈ, డీఈ ఉండగా బయటివాళ్లెందుకు? తప్పదనుకుంటే తక్కువ ఫీజు అడిగినవాళ్లకే ఇవ్వాలి కదండీ?
– ఒక వార్డు సభ్యురాలు, పశ్చిమ డెల్టా

జవాబు: రెండు వందల మీటర్ల వీధికి సిమెంటు రోడ్డు వేయడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. మీ ఏఈ వేసే అంచనా చాలు. రోడ్డు కాలువ గట్టు మీద ఉన్నా, మురుగు ఎటు పోవాలో తేలకపోయినా, నల్లమట్టి మీద లోడు లారీలు తిరుగుతున్నా సంగతి వేరు. మట్టి పరీక్షలు, లెవెళ్లు (నేల ఎత్తుపల్లాల కొలతలు), వాహనాల లెక్కింపు అన్నీ ఒకేసారి జరగాలి. తాగునీటి లీకులు, కాలువల పూడిక, బిల్లుల కొలతలు చూసుకుంటున్న ఏఈకి అంత తీరిక ఉండదు. కన్సల్టెంటును పెట్టుకునేది నేలనూ నీటినీ కొలిపించడానికి. బొమ్మలు గీయడం ఆ కొలతల తర్వాతి పని.

ఫీజు విషయంలో మీతో ఏకీభవించలేం. రోడ్డు వేసే కాంట్రాక్టరుకు కొలతలూ నాణ్యతా ముందే కాగితం మీద ఉంటాయి కాబట్టి ధరతో పోల్చవచ్చు. డిజైన్ పనిలో తక్కువ ఫీజుకు ఒప్పుకున్నవాళ్లు మిగుల్చుకునేది మట్టి పరీక్షలకు గుంతలు తవ్వడంలోనూ లెవెళ్లు తీయడంలోనూ. ఆ కోత రోడ్డు వేశాక గానీ బయటపడదు.

అందుకే సాంకేతిక వివరాలు ఒక కవరులో, ఫీజు ఇంకో కవరులో తీసుకునే రెండు కవర్ల పద్ధతిలో నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేస్తారు. లెక్క ఇలా ఉంటుంది. ఒక సంస్థకు సాంకేతిక మార్కులు 90, ఫీజు 15 లక్షలు. ఇంకో సంస్థకు 75 మార్కులు, ఫీజు 10 లక్షలు. తక్కువ ఫీజుకు ధర మార్కులు 100 వేస్తే, మొదటి సంస్థకు 66.67 వస్తాయి. నాణ్యతకు 70, ధరకు 30 వంతున కలిపితే మొదటి సంస్థకు 83, రెండోదానికి 82.5. అదే 60, 40 వంతున కలిపితే 80.67, 85 అయి రెండో సంస్థ గెలుస్తుంది. పని ఎవరికి వెళ్లాలో చాలావరకు ఈ వంతులే తేలుస్తాయి. కాబట్టి వాటిని ప్రకటనలోనే రాయాలి, కవర్లు తెరిచాక మార్చకూడదు. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమాల్లో ఈ పద్ధతి ఉంది. మీ మున్సిపాలిటీకి వర్తించేది రాష్ట్ర ఉత్తర్వు కాబట్టి దాని ప్రతిని అజెండాకు జతచేయమని కమిషనరును అడగండి.

ఫీజును అంచనా విలువలో శాతంగా పెట్టకండి. అంచనా పెరిగితే ఫీజూ పెరుగుతుందంటే పొదుపైన డిజైన్ వెతికే పని ఎవరూ పెట్టుకోరు. మొత్తానికి ఒకే ఖాయమైన ఫీజు అడగండి. టెండరులో చూపిన టీమ్ లీడరే పనికి రావాలనీ, మార్చాలంటే మున్సిపాలిటీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలనీ షరతు పెట్టండి. పెద్ద పేరున్న ఇంజనీరు బయోడేటా చూపించి, సైటుకు కొత్తగా చదువు ముగించినవాళ్లను పంపడం ఈ రంగంలో తరచూ జరిగేదే.

ప్రశ్న: పంట కాలువ పక్కన 2.4 కిలోమీటర్ల రోడ్డు మాది. అంతా నల్లమట్టి. ఎన్నిసార్లు తారు వేసినా వానాకాలం వెళ్లేసరికి అంచుల వెంట పొడుగునా నెర్రెలిచ్చి కుంగుతోంది. కన్సల్టెంటుకు ఇచ్చే పని పరిధిలో ఏం రాయాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మధ్య డెల్టా

జవాబు: నెర్రెలు అంచుల వెంటే రావడానికి కారణముంది. రోడ్డు మధ్య భాగం కింద తేమ ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా ఉంటుంది. అంచుల కింద నల్లమట్టి మే నెలలో ఎండి ముడుచుకుంటుంది, సార్వా (వానాకాలపు వరి) నీళ్లు రాగానే ఉబ్బుతుంది. మధ్య కదలదు, అంచు కదులుతుంది, రెండింటి నడుమ తారు చీలుతుంది. పైన ఎంత మందాన వేసినా అడుగున ఈ కదలిక ఆగదు. కాబట్టి పని పరిధి మట్టితో మొదలవ్వాలి.

ప్రతి 300 మీటర్లకు ఒకటి చొప్పున, ఒకసారి కాలువ వైపు, ఒకసారి అవతలి వైపు గుంత తవ్వాలని రాయండి. మొదలూ చివరా కలుపుకుంటే మీ రోడ్డుకు తొమ్మిది గుంతలు. ఒక్కొక్కటి మీటరు పొడవు, మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు ఉండాలి. పాత రోడ్డులో ఏ పొర ఎన్ని సెంటీమీటర్లుందో కొలిచి, గుంతలో స్కేలు నిలబెట్టి ఫోటో తీయాలి. అడుగు మట్టికి ద్రవ, ప్లాస్టిక్ పరిమితులు (ఎంత తేమకు మెత్తబడుతుందో), ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీళ్లలో ఎంత ఉబ్బుతుందో), హెవీ ప్రాక్టర్ (దట్టిస్తే ఎంత గట్టిపడుతుందో), నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టిన సీబీఆర్ (నేల ఎంత బరువు మోస్తుందో శాతంలో చెప్పేది) పరీక్షలు, ల్యాబులకు జాతీయ గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులో చేయించాలి. నానబెట్టకుండా చేసిన సీబీఆర్ అంకె చూడ్డానికి బాగుంటుంది గానీ డెల్టాకు పనికిరాదు. నానిన నల్లమట్టికి సీబీఆర్ 2, 3 శాతం రావడం మామూలే.

ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటిన మట్టిని రోడ్డు కట్టకు వాడకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లు చెబుతున్నాయి. అలాంటి మట్టి తీసేసి మెట్ట నుంచి గ్రావెల్ తెప్పించవచ్చు, లేదా ఉన్న మట్టికే సున్నం కలిపి గట్టిపరచవచ్చు. రెండు దారులకూ ఖర్చు కట్టి పక్కపక్కన చూపమని పని పరిధిలో రాయండి. డెల్టాలో గ్రావెల్ ధర కన్నా దాన్ని దూరం నుంచి తెచ్చే రవాణా (లీడు) ఖర్చే ఎక్కువైన సందర్భాలున్నాయి. సున్నం సాధారణంగా మట్టి బరువులో 3 నుంచి 5 శాతం పడుతుంది. 5.5 మీటర్ల వెడల్పు, 300 మిల్లీమీటర్ల మందం ఉన్న పొరకు కిలోమీటరుకు 1,650 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఘనపు మీటరు 1.6 టన్నుల చొప్పున 2,640 టన్నులు. నాలుగు శాతం సున్నమంటే దాదాపు 106 టన్నులు. పారలతో కలిపితే ముద్దలుముద్దలుగా మిగిలిపోతుంది. ట్రాక్టరు రోటవేటరుతో మట్టి పొడి అయ్యేదాకా దున్ని కలపాలి. గాలి తగిలి నిలవ ఉన్న సున్నం బలం కోల్పోతుంది, కాబట్టి వాడబోయే సున్నంతోనే ల్యాబు పరీక్ష జరగాలి.

వాహనాల లెక్క ఎప్పుడు తీస్తారన్నది అంతే ముఖ్యం. తక్కువ రద్దీ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఎస్‌పీ 72 ప్రకారం రాత్రీ పగలూ కలిపి మూడు రోజుల లెక్కింపు, కోతల కాలంలో ఒకసారి, ఖాళీ కాలంలో ఒకసారి ఉండాలి. ఇక్కడ సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లోనూ దాళ్వా (రెండో పంట) కోతలు ఏప్రిల్ ప్రాంతంలోనూ వస్తాయి. రొయ్యల చెరువులున్న చోట పట్టుబడి వాహనాలు రాత్రిపూటే ఎక్కువ తిరుగుతాయి. ఆగస్టు పగటిపూట తీసిన లెక్కలో ఇవేవీ కనబడవు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లవుతుంది కాబట్టి, ధాన్యం లారీలు కొన్నింటినైనా తూకం వేసి చూడాలి.

భూగర్భ జల మట్టాన్ని అక్టోబరులో కొలవమనండి. కాలువలకు నీళ్లు ఆపి కట్టేసిన మే నెల కొలత మోసం చేస్తుంది. లెవెళ్లు ప్రతి 25 మీటర్లకు, కాలువ అడుగు నుంచి అవతలి వైపు ఇంటి అరుగుదాకా తీయాలి. దమ్ము చేసే ఇనుప చక్రాల ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కే చోట్లన్నీ మ్యాపులో గుర్తించి, అక్కడ మాత్రం కాంక్రీటు పట్టీ డిజైన్ చేయమనండి. కొత్త తారు చెడేది తరచూ ఆ మలుపుల దగ్గరే.

ప్రశ్న: మా వీధిలో పాత రోడ్డు మీదే మళ్లీ సిమెంటు రోడ్డు వేస్తూ పోయారు. ఇప్పుడు ఇళ్లు రోడ్డు కన్నా కిందికైపోయాయి, వాన పడితే నీళ్లు గుమ్మంలోకి వస్తున్నాయి. పక్క కాలువ రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉంది. చాలదా?
– ఒక గృహిణి, తూర్పు డెల్టా

జవాబు: అమ్మా, మీ కాలువకు ఎంత నీరు వస్తుందో, అది ఎంత మోస్తుందో లెక్కవేస్తే తేలిపోతుంది. మీ వీధి కాలువలోకి ఆరు హెక్టార్ల నేల మీద పడిన వాన నీరు చేరుతుందనుకుందాం. ఇళ్లూ రోడ్లూ నిండిన చోట పడిన వానలో దాదాపు 70 శాతం పారుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వానకు సెకనుకు 700 లీటర్ల నీరు వస్తుంది. మీరు చెప్పిన కాలువ, అంటే 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, వెయ్యికి ఒకటి వాలు ఉన్న కాంక్రీటు కాలువ, అంచుదాకా నిండుగా పారినా సెకనుకు 260 లీటర్లే మోస్తుంది. మిగతా నీరు రోడ్డు మీదికి, అక్కడి నుంచి మీ గుమ్మంలోకి. అదే వాలుకు మీటరు వెడల్పు, 80 సెంటీమీటర్ల నీటి లోతు ఉంటే 770 లీటర్ల దాకా పోతుంది.

అయితే అంత వాలు మన నేలలో దొరకడమే కష్టం. వెయ్యికి ఒకటి అంటే 1.2 కిలోమీటర్ల కాలువ చివర 1.2 మీటర్లు దిగాలి. ఆ చివర కలిసే మేజర్ డ్రెయిన్‌లో (పెద్ద మురుగు కాలువలో) వానాకాలపు నీటి మట్టం మీ కాలువ అడుగు కన్నా పైనుంటే నీరు వెనక్కి తంతుంది. యనమదుర్రు, తుల్యభాగ లాంటి డ్రెయిన్లు నిండుగా పారే రోజుల్లో వాటిలో కలిసే చిన్న కాలువల్లో జరిగేది ఇదే. కాబట్టి డిజైన్ మీ గుమ్మం దగ్గర మొదలవకూడదు. డ్రెయిన్‌లో వరద మట్టం ఎంతో ముందు తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ రావాలి. వాలు చాలకపోతే కలిసే చోట నీరు వెనక్కి రాకుండా తలుపు తూము, అదీ చాలకపోతే పంపు.

కాలువల మధ్యలో రోడ్డు దాటే ఖానాలను కూడా చూడమనండి. 600 మిల్లీమీటర్ల పైపులు గుర్రపుడెక్కతో, ప్లాస్టిక్‌తో పూడుకుపోతాయి, మనిషి దూరి శుభ్రం చేయలేడు. మీటరు వ్యాసానికి తగ్గని పైపు, లేదా బాక్స్ ఖానా మేలు.

ఇక రోడ్డు ఎత్తు. పాత కాంక్రీటు పగలగొట్టి తీసేసి, ఇళ్ల అరుగుల్లో అన్నిటికన్నా కిందున్న దాన్నిబట్టి కొత్త మట్టం ఖాయం చేయాలి. పగలగొట్టడానికి ఖర్చవుతుందని అంచనాలో దాన్ని వదిలేస్తుంటారు. ఆ ఖర్చు చివరికి ఇంటింటికీ అరుగు ఎత్తు పెంచుకునే ఖర్చుగా మీ మీద పడుతుంది. కౌన్సిల్‌కు అర్జీ పెట్టేటప్పుడు ఈ ఒక్క మాట గట్టిగా రాయండి.

ప్రశ్న: ఏప్రిల్‌లో కాలువ కట్టేసిన కొద్ది రోజులకే మా గట్టు రోడ్డు కాలువలోకి జారింది. నీళ్లున్నన్నాళ్లూ బాగానే ఉంది. ఇదేమిటి?
– ఒక సర్పంచ్, మధ్య డెల్టా

జవాబు: నిండు కాలువలో నీరు గట్టును పక్కనుంచి ఆపి ఉంచుతుంది. మూసేశాక కాలువ మట్టం గబగబా దిగిపోతుంది. గట్టులో ఇంకిన నీరు మాత్రం బంకమట్టిలోంచి అంత త్వరగా బయటికి రాలేదు. లోపలి నీటి ఒత్తిడి, తడిసిన మట్టి బరువు, పైన లారీ బరువు కలిసి గట్టును తోసేస్తాయి. కన్సల్టెంటు గట్టు స్థిరత్వాన్ని ఈ స్థితికి కూడా లెక్కగట్టాలి. కాలువ నిండుగా ఉన్నప్పటి లెక్క ఒక్కటే చూపిస్తే ఒప్పుకోకండి.

సరుగుడు బాదులు పాతి ఇసుక బస్తాలు పేర్చడం ఒక సీజను గడపడానికి సరిపోతుంది. శాశ్వతంగా కావాలంటే కాలువ అడుగు కన్నా కిందికి పునాది దింపిన గోడ, దాని వెనక కంకర, ఇసుక వడపోత పొర, నీరు బయటికి వచ్చే రంధ్రాలు ఉండాలి. రంధ్రాలున్నా వెనక వడపోత లేకపోతే మట్టి కొట్టుకుపోయి రోడ్డు కింద గుల్ల అవుతుంది. పైకి గోడ నిటారుగానే నిలబడి ఉంటుంది, రోడ్డు కుంగుతుంది. కొన్నిచోట్ల గోడ కన్నా రోడ్డును కాలువ అంచు నుంచి రెండు మూడు మీటర్లు వెనక్కి జరపడమే చవక. స్థలం ఉంటే ముందు అది చూడండి.

కాలువ గట్టు జలవనరుల శాఖది. వాళ్ల అనుమతి లేకుండా డిజైన్ పూర్తయిందనుకోవద్దు. పని చేసుకునే వ్యవధి కూడా కాలువ కట్టేసే వేసవి వారాలే. డిజైన్ ఏప్రిల్‌లో చేతికి వస్తే టెండర్లు ముగిసేసరికి జూన్ నీళ్లు వచ్చేస్తాయి. కన్సల్టెంటును అంతకు ముందటి ఆగస్టులోనే నియమించుకుంటే అక్టోబరు నీటి మట్టం, డిసెంబరు కోతల రద్దీ కొలిచి, జనవరికల్లా డిజైన్ తెచ్చుకుని, వేసవికి కాంట్రాక్టరును సిద్ధం చేసుకోవచ్చు. లంకల వైపు, ఏటిగట్టు లోపలి రోడ్లైతే 1986 ఆగస్టు, 2022 జులై వరదల గుర్తులను ఊరి పెద్దల దగ్గర అడిగి లెవెలుతో కొలిపించండి.

ప్రశ్న: కోనసీమలో గ్యాస్ పైపులైన్లున్న చోట రోడ్డు వెడల్పు చేయవచ్చా?
– ఒక యువకుడు

జవాబు: చేయవచ్చు, పైపులైన్ యాజమాన్యం రాతపూర్వక అనుమతితో. పైపు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో వాళ్ల సమక్షంలోనే గుర్తించాలి. పొలాల్లో కనిపించే గుర్తు రాళ్లను మాత్రమే నమ్ముకుని జేసీబీ దింపకూడదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైన్ పేలి ఎంత ఘోరం జరిగిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పేలుడు రోడ్డు పని వల్ల జరిగింది కాదు. కానీ గ్యాస్ పైపు దగ్గర తప్పు జరిగితే ప్రాణాలు పోతాయి. అనుమతి పత్రం, దాటే చోటు డ్రాయింగు డీపీఆర్‌లోనే (కన్సల్టెంటు ఇచ్చే సవివర ప్రాజెక్టు నివేదికలోనే) ఉండాలి, పని మొదలయ్యాక చూద్దామనకూడదు. తాగునీటి మెయిన్లు, విద్యుత్ కేబుళ్లు కూడా అదే మ్యాపులో రావాలి.

ప్రశ్న: కన్సల్టెంటు 180 పేజీల డీపీఆర్ ఇచ్చారు. ఇంజనీరింగ్ తెలియని సభ్యులం అందులో ఏం చూడాలి?
– ఒక కౌన్సిల్ సభ్యుడు, తూర్పు డెల్టా

జవాబు: మొదట ల్యాబు కాగితాలు తీయండి. గుంత ఎక్కడ తవ్వారో కిలోమీటరు రాయి ప్రకారం ఉందా, తేదీ ఉందా, ఫోటోలో మీ ఊరు కనబడుతోందా చూడండి. తొమ్మిది గుంతలకూ సీబీఆర్ ఒకే అంకె ఉంటే పరీక్ష జరగలేదనే అనుకోవాలి. నేల ఎక్కడా అంత ఒకేలా ఉండదు. నల్లమట్టికి 7, 8 శాతం వేసి ఉంటే మళ్లీ పరీక్ష అడగండి. ఆ అంకె మీదే రోడ్డు మందమంతా ఆధారపడుతుంది.

తర్వాత రోడ్డు పొడుగునా ఎత్తులు చూపే పొడవు కోత డ్రాయింగు. అందులో పాత రోడ్డు మట్టం, కొత్త మట్టం, గరిష్ఠ వరద మట్టం, ఇళ్ల అరుగుల మట్టం నాలుగూ ఉండాలి. ఊరి వెలుపల కట్ట మీద వేసే రోడ్డుకు పైనుంచి అర మీటరు మందాన ఉండే సబ్‌గ్రేడ్ పొర అడుగు భాగం వరద మట్టం కన్నా మీటరు పైనుండటం మంచిది. ఇబ్బంది లేని పాత రోడ్లకు 0.6 మీటర్ల దాకా తగ్గించుకోవచ్చు. ఊళ్లో ఇళ్ల వల్ల అది కుదరనప్పుడు, బదులుగా నీరు ఎలా తీస్తున్నారో రాసి ఉండాలి. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటిన వాన పడే మన ప్రాంతంలో రోడ్డు మధ్య నుంచి అంచుకు తారుకైతే 2.5 శాతం, సిమెంటుకైతే 2 శాతం వాలు చూపాలి. ఏడు మీటర్ల తారు రోడ్డుకు మధ్య భాగం అంచు కన్నా దాదాపు 9 సెంటీమీటర్లు ఎత్తుండాలి. సిమెంటు రోడ్డైతే అడ్డంగా జాయింట్లు ఎన్ని మీటర్లకు కోయాలో, ఎన్ని గంటల్లోపు కోయాలో ఉందా చూడండి. కోత మందంలో మూడో వంతు నుంచి నాలుగో వంతు లోతుకు దిగాలి, కాంక్రీటు తనంతట తాను పగలకముందే పడాలి. మరునాటికి వాయిదా వేస్తే అడ్డదిడ్డంగా బీటలు వస్తాయి.

అన్నిటికన్నా సులువైన పరీక్ష ఒకటుంది. రిపోర్టులో ఇంకో ఊరి పేరు, ఇంకో జిల్లా వర్షపాతం ఎక్కడైనా మిగిలిపోయాయేమో వెతకండి. అది దొరికిందంటే ఆ అధ్యాయం మరో డీపీఆర్ నుంచి ఎత్తి రాసిందే. అనుమానం ఉంటే కాకినాడ జేఎన్‌టీయూ లాంటి ఇంజనీరింగ్ విద్యాసంస్థకు పంపి పరిశీలన చేయించండి. మొత్తం పని ఖర్చుతో పోలిస్తే ఆ రుసుము చిన్నది.

ప్రశ్న: ఫీజు ఎలా చెల్లించాలి? డిజైన్ తప్పని తర్వాత తేలితే ఎవరు బాధ్యులు?
– అదే సభ్యుడు

జవాబు: రిపోర్టు ఇవ్వగానే ఫీజంతా ఇవ్వకండి. పని ప్రణాళికకు పది శాతం, సర్వేలూ మట్టి పరీక్షలకు ముప్పై, ముసాయిదాకు ఇరవై అయిదు, తుది డీపీఆర్‌కు ఇరవై ఇచ్చి, చివరి పదిహేను శాతం పని మొదలై మట్టి తవ్వకం ముగిసేదాకా ఆపవచ్చు. తవ్వినప్పుడు డిజైన్‌లో రాసిన నేల, కనబడిన నేల ఒకటేనా అని తేలేది అప్పుడే. తేడా వస్తే అదనపు ఫీజు లేకుండా కన్సల్టెంటే డిజైన్ సరిచేసి ఇవ్వాలని ఒప్పందంలో రాయండి. లెవెళ్ల ముడి లెక్కలు, మార్చుకోగలిగే డ్రాయింగు ఫైళ్లు మున్సిపాలిటీకి అప్పగించాలని కూడా రాయండి. పీడీఎఫ్ మాత్రమే తీసుకుంటే, పదేళ్ల తర్వాత రోడ్డు మళ్లీ వేసేటప్పుడు అదే సర్వేకు మళ్లీ డబ్బు కట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: సామాన్య పౌరులం, ఈ రిపోర్టు మాకు చూపిస్తారా?
– ఒక రైతు, పశ్చిమ డెల్టా

జవాబు: సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. సెక్షన్ 6(1) కింద తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "రోడ్డు వివరాలు" అని రాస్తే రెండు పేజీలు ఇచ్చి సరిపెడతారు. కన్సల్టెంటు ఒప్పంద ప్రతి, పని పరిధి, సాంకేతిక మార్కుల పట్టిక, మట్టి పరీక్షల ల్యాబు రిపోర్టులు, పొడవు కోత డ్రాయింగు, మురుగు కాలువ నీటి లెక్కలు అని పేరుపేరునా అడగండి. డ్రాయింగులు సీడీలో కావాలని రాస్తే జిరాక్సు ఖర్చు తగ్గుతుంది. మీ పొలం బోదె గానీ తూము గానీ ఆ రోడ్డును దాటుతుంటే దాని సర్వే నంబరు కూడా దరఖాస్తులో రాయండి. అది డ్రాయింగులో లేకపోతే టెండరు పిలవకముందే ఏఈకి రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్లు స్టాంపు వేయించుకోండి. టెండరు అయ్యాక కొత్త తూము చేర్చాలంటే మళ్లీ అనుమతులు కావాలి, ఈలోగా మీ చేలో నీరు నిలిచిపోతుంది.